రిటైరయ్యాక చేద్దామనుకున్న పని

ప్రశ్న: నా వయసు 48. ఒక కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. మూడేళ్ల కిందట మా అమ్మ క్యాన్సర్‌తో పోయింది. చివరి నాలుగు నెలలు మంచం మీదే ఉంది. ఆ రోజుల్లో పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పి, బాధ తగ్గించే సేవ) బృందం నుంచి వారానికోసారి ఒక నర్సు, ఒక వాలంటీరు ఇంటికి వచ్చేవాళ్లు. నర్సు పుండ్లు శుభ్రం చేసి, మందులు చూసి వెళ్లేది. ఆ వాలంటీరు మాత్రం అమ్మ పక్కన కూర్చుని ఆవిడ చెప్పేవన్నీ వినేవాడు. వారమంతా అమ్మ ఆ రోజు కోసమే ఎదురుచూసేది. అప్పటినుంచి నాకూ ఆ పని చేయాలని ఉంది. కానీ ఇంటి లోను ఇంకా ఆరేళ్లు కట్టాలి. అమ్మాయి కాలేజీలో చదువుతోంది. ఏడాది చివర లెక్కలు ముగించే రోజుల్లో నేను ఇల్లు చేరేసరికి రాత్రి పది అవుతుంది. మొదట అమ్మాయి పరీక్షలయ్యాక చూద్దామనుకున్నాను. తర్వాత ప్రమోషన్ వచ్చాక అనుకున్నాను. ఇప్పుడు 60 ఏళ్లకు రిటైరయ్యాక నా సమయమంతా ఈ పనికే ఇద్దామనుకుంటున్నాను. నా భార్యదీ అదే మాట. మా బావమరిది మాత్రం, అంత ఇష్టం ఉంటే ఉద్యోగం ఇప్పుడే మానేయమంటాడు. వారానికి గంటో రెండు గంటలో చేస్తే, అంత గొప్ప పనిని అరకొరగా చేసి చిన్నబుచ్చినట్టు అవుతుందని నా భయం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమ్మ చివరి వారంలో నేను ఎక్కువ సేపు ఆఫీసులోనే ఉన్నాను. ఇప్పుడు నేను ఆగాలా, మానేయాలా?
– ఒక పాఠకుడు

సమాధానం: ఉద్యోగం మానేయొద్దు. రిటైర్మెంట్ దాకా ఆగనూ వద్దు. మీకు దగ్గరలో ఉన్న పాలియేటివ్ కేర్ బృందానికి ఈ నెలలోనే ఫోన్ చేసి, వారానికి రెండు గంటలు రాగలనని చెప్పండి. రెండు గంటలంటే మీకు అరకొరగా కనిపిస్తోంది. నాకు అలా అనిపించడం లేదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందు మీ ఉత్తరాన్నే ఇంకోసారి చదవండి. ఈ పని మొదలుపెట్టడానికి మీరు ఇప్పటికి మూడు గడువులు పెట్టుకున్నారు. అమ్మాయి పరీక్షలు అయిపోయాయి. ప్రమోషన్ కూడా వచ్చేసినట్టే ఉంది. ఆ రెండూ మీకు ఖాళీ ఇవ్వలేదు. మూడోది ఇస్తుందని గట్టిగా నమ్ముతున్నారు. ఈ నమ్మకం మీ ఒక్కరిదే అనుకోకండి. గాల్ జాబర్‌మన్, జాన్ లించ్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఇవాళ ఊపిరాడనంత పని ఉన్నవాళ్లు కూడా కొన్నాళ్లు పోతే తమకు తీరిక పెరుగుతుందని అనుకుంటారని వాళ్లు చూపించారు. డబ్బు విషయంలో మనకు ఇంత ఆశ ఉండదట. వచ్చే ఏడాది ఖర్చులు కూడా ఈ ఏడాదిలాగే ఉంటాయని తేలిగ్గానే ఒప్పుకుంటాం. సమయం విషయానికి వచ్చేసరికి మాత్రం మోసపోతాం. ఎందుకంటే రాబోయే రోజుల్లో మీద పడే పనులు ఇప్పుడు కంటికి కనపడవు.

రిటైరైనవాళ్లు మీ చుట్టూ ఉంటారు కదా, వాళ్లను గమనించండి. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం, మనవలు, ఏళ్ల తరబడి వాయిదా పడిన ఇంటి పనులు, సొంత బీపీ, మోకాళ్లు... వాటికి తోడు "ఖాళీగానే ఉన్నావుగా" అంటూ పనులు అప్పగించే బంధువులు. అరవై నిండిన మర్నాడు పొద్దున్నే లేచి, ముక్కూమొహం తెలియని రోగి ఇంటికి వెళ్లడమంటే మీరు అనుకున్నంత తేలిక కాదు. అప్పటికే అలవాటైన పనినైతే ఎన్ని పనుల మధ్యనైనా మనిషి కాపాడుకుంటాడు. ఇంకా మొదలే కాని పనికి ఆ బలం ఉండదు. అన్నిటికంటే ముందు పక్కకు జరిగేది అదే.

అసలు ఈ రిటైర్మెంట్ వయసు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఒక దేశం మొత్తానికి వర్తించే వృద్ధాప్య పెన్షన్ చట్టం 1889లో, ఛాన్సలర్ బిస్మార్క్ కాలంలో, జర్మనీలో వచ్చింది. అప్పట్లో పెన్షన్ వయసు 70. చాలామంది కార్మికులు ఆ వయసు చూడకుండానే పోయేవాళ్లు. 1916లో దాన్ని 65కు తగ్గించారు. తర్వాత ఏ దేశానికి ఆ దేశం, ఏ సంస్థకు ఆ సంస్థ, తమ ఖజానాను బట్టి, కొత్త ఉద్యోగాల అవసరాన్ని బట్టి ఒక అంకె పెట్టుకున్నాయి. జీతం ఎప్పుడు ఆపాలి, పెన్షన్ ఎప్పుడు ఇవ్వాలి అనే లెక్కలోంచి పుట్టిన అంకె అది. లెక్కల మనిషి కాబట్టి మీకు ఇది నాకంటే బాగా తెలుస్తుంది. మీకు ఇష్టమైన పనికి మీరు ఎప్పుడు సిద్ధమవుతారన్నది ఆ అంకె చెప్పలేదు.

"రిటైరయ్యాకే గొప్ప పనులు చేసినవాళ్లు లేరా?" అని మీరు అడగొచ్చు. ఉన్నారు. అందరికంటే ముందు గుర్తొచ్చేది డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్లకు రిటైరై, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఈరోజు ప్రపంచంలోనే అతి పెద్ద కంటి వైద్య సంస్థల్లో అది ఒకటి. రిటైర్మెంట్ తర్వాత కొత్త జీవితం అనగానే ఆయన కథే చెబుతారు. కానీ దాని మొదటి సగం సాధారణంగా చెప్పరు. ఆయన ప్రభుత్వ కళాశాలలో పనిచేస్తూనే ఏళ్ల తరబడి పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోతే, ఆ వేళ్లతోనే శుక్లాల ఆపరేషన్లు చేయడం సాధన చేసి నేర్చుకున్నారు. పేదవాళ్లు ఆసుపత్రికి ఎందుకు రారో, ఒక్క రోజులో ఎక్కువ మందికి ఆపరేషన్ చేయాలంటే ఏమేం కావాలో ఉద్యోగంలో ఉండగానే ఆయనకు తెలుసు. కాబట్టి 1976 ఆయన పనిలో మొదటి సంవత్సరం కాదు. 58వ ఏట ఆయన చేసిందల్లా ఎప్పటినుంచో చేస్తున్న పనికి ఒక ఇల్లు కట్టడమే.

మీ విషయంలో నాకున్న ఆందోళన అక్కడే. రిటైర్మెంట్ మీకు సమయం ఇవ్వొచ్చు. ఆ పనిలో చేయి తిరగడం, మనుషులతో పరిచయం, ఆ బృందానికి మీ మీద నమ్మకం – ఇవి ఉద్యోగ విరమణ రోజున శాలువాతో పాటు ఎవరూ చేతికివ్వరు. పనిలో ఉన్నవాళ్లకే, అదీ నెమ్మదిగా, అవి వస్తాయి.

ఇక అసలు పని గురించి మాట్లాడుకుందాం. మీ అమ్మగారి పక్కన కూర్చున్న ఆ వాలంటీరును మీరు చూశారు. ఊరికే కూర్చుని వింటున్నట్టు కనిపించి ఉంటాడు. అలా కూర్చోవడం నేర్చుకోవడానికి చాలా కాలం పడుతుంది. "మీకేం కాదు, లేచి తిరుగుతారు" అనకూడదు. అది అబద్ధమని రోగికి తెలుసు, ఆ మాట అన్నాక ఇక మనసులో ఉన్నది చెప్పరు. అలాగని నిజాన్ని మొహం మీద చెప్పడమూ మన పని కాదు. మందుల గురించి సలహాలు ఇవ్వకూడదు. మన నమ్మకాలు రోగి మీద రుద్దకూడదు. మన ఇంట్లో జరిగిన చావు కథ ఎత్తకూడదు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో పొరపాటున కూడా నోరు జారకూడదు. ఎదుటి మనిషి మాట ఆపేస్తే ఆ మౌనాన్ని నింపడానికి తొందరపడకూడదు. వీటిలో చాలావరకు శిక్షణలో చెబుతారు. కానీ అవి ఒంటబట్టేది ఇళ్లకు వెళ్లినప్పుడే.

చేతులతో చేసే పని కూడా ఉంది. మంచంలో కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. దిండ్లు ఎక్కడ పెడితే ఒత్తిడి తగ్గుతుందో తెలియాలి. ఎండిపోయిన నోటిని తడి గుడ్డతో ఎలా తుడవాలో, మింగడం కష్టమైన మనిషికి వెల్లకిలా పడుకోబెట్టి నీళ్లు ఎందుకు పట్టకూడదో తెలియాలి. ఇవన్నీ మీరు స్వయంగా చేయడం కంటే, రాత్రింబవళ్లు చూసుకుంటున్న ఇంటివాళ్లకు నేర్పడం ఎక్కువగా ఉంటుంది. మీరు రోగి దగ్గర కూర్చున్న ఆ రెండు గంటలు వాళ్లు నిద్రపోగలరు, బ్యాంకుకు వెళ్లి రాగలరు, లేదా వీధి చివరిదాకా నడిచి రాగలరు. నెలల తరబడి సరిగా నిద్రలేని ఇల్లాలికి ఆ రెండు గంటల విలువ ఏమిటో మీ ఇంట్లోనే మీరు చూసి ఉంటారు.

ఈ రంగానికి ఆధునిక రూపం ఇచ్చిన సిసిలీ సాండర్స్ జీవితం మీ ప్రశ్నకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆమె కూడా వెంకటస్వామి గారిలాగే 1918లో పుట్టింది. ముందు నర్సు. నడుం నొప్పి వల్ల ఆ పని వదిలి, లండన్‌లో ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా చేరింది. 1948 నుంచి, పగలు ఆ ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు సెయింట్ ల్యూక్స్ అనే చోట చివరి దశ రోగుల దగ్గర వాలంటీరుగా పనిచేసింది. అక్కడ నొప్పి మందును నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా వేళ ప్రకారం ఇచ్చేవాళ్లు. మిగతా ఆసుపత్రుల్లో రోగి నొప్పితో అల్లాడి అడిగాకే ఇవ్వడం అలవాటు. ఆ తేడా ఆమె కళ్లారా చూసింది. తర్వాత ఆమె పరిశోధనకు, వైద్యానికి పునాది అయింది ఆ తేడానే. ఆమె పనిచేస్తున్న ఆసుపత్రి సర్జన్ ఒకాయన, చివరి దశలో రోగులను వదిలేసేది డాక్టర్లే కాబట్టి నువ్వు డాక్టరువే కావాలని ఆమెకు చెప్పాడు. 33వ ఏట వైద్య కళాశాలలో చేరింది, 1957లో డాక్టరైంది. చివరి దశ రోగుల కోసం ఆమె పెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తలుపులు తెరిచింది 1967లో. ఆ సాయంత్రాలకూ ఈ హాస్పిస్‌కూ మధ్య 19 ఏళ్లు. ముందు పెద్ద సంస్థ పెట్టి ఆ తర్వాత పని నేర్చుకోలేదు ఆమె. సాయంత్రాలు రోగుల పక్కన గడిపింది కాబట్టే, ఎలాంటి సంస్థ కావాలో ఆమెకు తెలిసింది.

"ఆమె అసాధారణమైన మనిషి" అంటారేమో. సరే, మామూలు మనుషుల సంగతే చూద్దాం. 1993లో కేరళలోని కోజికోడ్‌లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ అనే చిన్న సంస్థ మొదలైంది. కొన్నేళ్లకే అక్కడివాళ్లకు ఒక విషయం అర్థమైంది. మంచం పట్టిన మనిషికి రోజులో ఎక్కువ భాగం కావలసింది డాక్టర్ కాదు, దగ్గరలో ఉన్న ఓ మనిషి. ఆ ఆలోచనతో మలప్పురం వంటి చోట్ల ఇరుగుపొరుగు బృందాలు తయారయ్యాయి. టీచర్లు, వ్యాపారులు, కూలీలు, విద్యార్థులు, గృహిణులు వాటిలో చేరారు. చేరడానికి పెట్టిన షరతు ఏమిటో తెలుసా? వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలగడం. ఆ తర్వాత 16 గంటల తరగతులు, నర్సుతో కలిసి కొన్ని రోజులు ఇళ్లకు వెళ్లడం. పాలియేటివ్ కేర్‌ను సమాజమే ఎలా మోయగలదో చెప్పాల్సి వస్తే ఇప్పుడు ప్రపంచమంతా ఆ బృందాలనే చూపిస్తుంది. నేను మీకు రెండు గంటలు అన్నది గాల్లోంచి తీసిన అంకె కాదు.

ఇప్పుడు "అరకొర" అన్న మీ భయం సంగతి. లెక్క మీరే వేయండి. సెలవులు, జ్వరాలు, ఏడాది చివరి హడావిడి తీసేసి ఏడాదికి 50 వారాలు అనుకుంటే 100 గంటలు. పన్నెండేళ్లకు 1,200 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున అది 150 పనిదినాలు. రిటైరయ్యాక ఆ 150 రోజులూ ఒక్క ఊపున చేసేయొచ్చు కదా అనిపించవచ్చు. గంటలు సమానమే కావచ్చు, నేర్చుకునేది మాత్రం సమానం కాదు. ఒక రోగి జబ్బు నెలల మీద ఎలా నడుస్తుందో, ఒక కుటుంబం మొదట కోపంతో, తర్వాత అలసటతో, ఆ తర్వాత ఒకరకమైన ఒప్పుకోలుతో ఎలా మారుతుందో చూడాలంటే కాలం గడవాలి. పన్నెండేళ్లలో మీరు కొన్ని పదుల ఇళ్లకు వెళ్తారు. అరవైకి చేరేసరికి కొత్త వాలంటీర్లకు నేర్పే మనిషి అవుతారు. రిటైర్మెంట్ దాకా ఆగితే ఆ రోజు మీరు నేర్చుకునే వరసలో మొదటి బెంచీ మీద ఉంటారు.

ఆగిన ఈ పన్నెండేళ్లలో రోగులెవరూ ఆగరని కూడా గుర్తుంచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి పాలియేటివ్ కేర్ అవసరం. అందుతున్నది దాదాపు 14 శాతం మందికే. ఇది మిమ్మల్ని కంగారు పెట్టడానికి చెప్పడం లేదు. అరకొరగా చేస్తే అవమానం అని మీరు అనుకున్నది మీ వైపు నుంచి. ఎవరూ రాని ఇంటికి వారానికోసారి ఒకరు రావడం అరకొరగా ఉండదు. మీ అమ్మగారి దగ్గరికి వచ్చిన ఆ వాలంటీరు కూడా వారానికోసారే వచ్చాడు కదా! అతను రిటైరైన మనిషో, మీలాగే ఆఫీసు ముగించుకుని వచ్చిన మనిషో మీ అమ్మగారికి అక్కరలేకపోయింది.

మీ ఉత్తరంలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి ఉంది. మీ వృత్తి ఈ పనికి అడ్డు అన్నట్టే రాశారు తప్ప, అది ఎక్కడైనా ఉపయోగపడుతుందన్న ఆలోచనే మీకు రాలేదు. పాలియేటివ్ కేర్ బృందాలు చాలావరకు విరాళాల మీద నడుస్తాయి. విరాళాలకు రసీదులు, ఆడిట్, మందుల స్టాకు లెక్క, వాహనం ఖర్చు, గాలి పరుపులూ చక్రాల కుర్చీలూ ఎవరి ఇంట్లో ఉన్నాయో రాసే రిజిస్టరు – ఇవన్నీ ఎవరో ఒకరు చూడాలి. చాలా చోట్ల అలసిపోయిన నర్సులే రాత్రి కూర్చుని రాస్తుంటారు. ఇంకా ముఖ్యమైనది ఇళ్లలో ఉండే పని. ఇంటి లెక్కలన్నీ చూసే మనిషి మంచాన పడితే, పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో, ఏ ఖాతాకు నామినీ ఎవరో మిగతావాళ్లకు తెలియదు. ఆ సమయంలో ఓపిగ్గా పక్కన కూర్చుని కాగితాలు సర్దిపెట్టే మనిషి దొరకడం వాళ్లకు పెద్ద ఊరట. రోగికి కూడా. నా వెనక వీళ్లేమవుతారన్న టెన్షన్ చాలామందిని నొప్పికంటే ఎక్కువ బాధపెడుతుంది. సిసిలీ సాండర్స్ బాధను ఒంటికి సంబంధించిందిగా మాత్రమే చూడొద్దని చెప్పింది ఇందుకే. డబ్బు భయం, ఇంటివాళ్ల గురించిన దిగులు కూడా ఆ నొప్పిలో భాగమే అంది. మీకు 26 ఏళ్లకో 27 ఏళ్లకో మొదలై ఉంటుంది ఈ లెక్కల అనుభవం. దాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్లాలనుకోకండి.

అయితే ఒక జాగ్రత్త చెబుతాను. బృందంవాళ్లు మీరు అకౌంటెంట్ అని తెలియగానే సంతోషంగా పుస్తకాలన్నీ మీ ముందు పెట్టేస్తారు. ఒప్పుకోండి, కానీ పూర్తిగా అందులోనే కూరుకుపోకండి. మీకు కావలసింది రోగి పక్కన కూర్చోవడం. అది మొదటిరోజే చెప్పండి. నెలలో మూడు వారాలు ఇళ్లకు, ఒక వారం లెక్కలకు అని మాట్లాడుకుంటే బాగుంటుంది.

ఉద్యోగం గురించి. మీ బావమరిది మీ మేలు కోరే చెప్పి ఉంటాడు, కానీ నేను ఆ సలహాతో ఏకీభవించను. లోను ఆరేళ్లుంది, అమ్మాయి చదువు ఉంది. జీతం ఆగితే మీరు రోగి పక్కన కూర్చుని కూడా వచ్చే నెల కిస్తీ గురించే ఆలోచిస్తారు. మీ జీతమే మిమ్మల్ని ఈ పనిలో ఎవరి మీదా ఆధారపడకుండా, ఎవరి దగ్గరా ఏమీ ఆశించకుండా ఉంచుతుంది. ఉద్యోగం ఎప్పుడు మానాలన్న ప్రశ్నకు సి.వి. రామన్ జీవితంలో మంచి జవాబు ఉంది. 1907 నుంచి 1917 దాకా ఆయన ప్రభుత్వ ఆర్థిక శాఖలో అధికారి. అంటే మీలాగే లెక్కల ఉద్యోగం. పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత, కలకత్తాలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి అలా చేశాక, ఆ పని చూసి విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పదవి ఇస్తామంది. జీతం బాగా తగ్గుతుందని తెలిసే అప్పుడు ఉద్యోగం మానేశాడు. నోబెల్ బహుమతి 1930లో. మానడం ఆయన కథలో మొదటి అడుగు కాదని గమనించండి. మీకూ ఎనిమిదేళ్లకో పదేళ్లకో, లోను తీరాక, ఆ బృందమే మిమ్మల్ని పూర్తిగా రమ్మని అడిగే రోజు రావచ్చు. అప్పుడు ముందే రిటైరవడం గురించి ఆలోచించండి. అప్పటికి అది దూకుడు నిర్ణయం కాదు. మీకు ఆ పని తెలుసు, ఆ పనికి మీరు తెలుసు.

మీ భార్య మాటను తేలిగ్గా తీసుకోకండి. మీరిచ్చే రెండు గంటలు ఆఫీసులోంచి రావు, ఇంట్లోంచే వస్తాయి. మూడేళ్ల కిందట మీ అమ్మగారికి ఇంట్లో ఎక్కువ చాకిరీ ఎవరు చేశారో మీరు రాయలేదు. మీరు ఆఫీసులో ఉన్న గంటల్లో బహుశా ఆవిడే చేసి ఉంటుంది. అలాగైతే మళ్లీ రోగం, మంచం అన్న మాటలు వినగానే ఆవిడకు కలిగే భయం వేరు, మీ ఉత్సాహం వేరు. "రిటైరయ్యాక చూద్దాం" అనడంలో ఆవిడ మీ ఆశను కొట్టిపారేయడం లేదు, ఇల్లు మళ్లీ ఆ బరువు మోయాల్సి వస్తుందేమోనని జంకుతోందని నాకు అనిపిస్తోంది. కాబట్టి నిర్ణయం తీసుకున్నాక చెప్పకండి, తీసుకునే ముందు అడగండి. ఏ రోజు, ఏ సమయం, ఎన్నాళ్లు అనేది ఆవిడతో కలిసి నిర్ణయించండి. మొదట ఆరు నెలలకే మాట ఇవ్వండి. ఆ ఆరు నెలల్లో ఇంటి పనుల్లో మీ వంతు తగ్గకుండా చూసుకోండి. ఆరు నెలలయ్యాక ఆవిడ ఏమంటుందో నిజంగా వినండి.

అమ్మగారి చివరి వారం గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి బరువుతోనే వస్తారు. అది తప్పు కాదు. చాలా సంస్థలు, ఇంట్లో దగ్గరివాళ్లు పోయిన వాళ్లను ఏడాది దాకా రోగుల దగ్గరికి పంపవు. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఎదుటి మంచం మీద తమవాళ్లే కనిపిస్తారు కాబట్టి. మీకు మూడేళ్లు గడిచాయి. అయినా ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఈ విషయం అడుగుతారు, అప్పుడు దాచకండి. మీరు ఆఫీసులో ఉన్నది మందుల ఖర్చుకూ ఆ ఇంటికీ కావలసిన జీతం కోసం. అది మీ అమ్మగారికి తెలియదని నేను అనుకోను. ఎన్ని ఇళ్లకు వెళ్లినా ఆ వారం తిరిగి రాదు. దాన్ని తీర్చుకోవడానికి వెళ్తే ప్రతి రోగి దగ్గరా మీకు ఏదో లోటే మిగులుతుంది. ఆ మంచం మీద ఉన్న మనిషి కోసం వెళ్లండి. ఆ మనిషికి మీ అమ్మగారి ఇష్టాలు ఉండవు, ఆవిడ మంచితనం కూడా ఉండకపోవచ్చు. విసుక్కునేవాళ్లు ఉంటారు, మొహం గోడవైపు తిప్పుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర కూడా కూర్చోగలరా అన్నది మీరు తెలుసుకోవాలి.

కూర్చోలేకపోవచ్చు కూడా. కొంతమంది నాలుగైదు ఇళ్లకు వెళ్లేసరికి, ఇది మనవల్ల కాదని గ్రహిస్తారు. నిద్ర పట్టదు, తిండి సయించదు. అలా అయితే మానేయడంలో సిగ్గుపడాల్సింది లేదు, లెక్కల పనీ కాగితాల పనీ ఎలాగూ ఉంటాయి. కానీ ఈ సంగతి 48లో తెలిస్తే మీ ముందు ఇంకా బోలెడు దారులు ఉంటాయి. పన్నెండేళ్లు మనసులో మోసి, దాన్నే నమ్ముకుని రిటైరై, 61వ ఏట తెలిస్తే ఆ దెబ్బ వేరుగా ఉంటుంది. మీరు ఆగకూడదనడానికి నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం ఇదే.

ఇంట్లో పసిపిల్లలో, పూర్తిగా మీ మీదే ఆధారపడ్డ రోగో ఉండి ఉంటే ఇంకొన్నాళ్లు ఆగమనే రాసేవాణ్ణి. మీకు ఆ పరిస్థితి లేదు.

ఫోన్ చేసినప్పుడు నాలుగు విషయాలు అడగండి. శిక్షణ ఎన్ని గంటలు, సాయంత్రాలో సెలవు రోజుల్లోనో ఉంటుందా? మొదట్లో ఎవరితో కలిపి పంపుతారు? రోగి పోయినప్పుడు వాలంటీర్లు తమలో తాము మాట్లాడుకునే ఏర్పాటు ఏమైనా ఉందా? ఇబ్బంది వస్తే ఏ వేళలో ఎవరికి ఫోన్ చేయాలి? మూడో ప్రశ్నకు సరైన జవాబు లేని చోట తొందరపడి చేరకండి. పోయినవాళ్ల గురించి చెప్పుకునే చోటు లేకపోతే మంచి వాలంటీర్లు కూడా ఎక్కువ కాలం నిలవడం కష్టం. ఇంకో సంగతి – ఏడాది చివర లెక్కలు ముగించే వారాల తేదీలు మీకు ముందే తెలుసు కదా, ఆ వారాలు రాలేనని చేరిన రోజే చెప్పి రాయించండి. ఆ వారాల్లో మీ బదులు ఎవరు వెళ్తారో ముందే ఖాయం చేసుకుని, ఆ మనిషిని ఒకసారి మీతో పాటు తీసుకెళ్లి రోగికి పరిచయం చేయండి.